వేళకాని సంగు

కోలారులో మా వీధికి అవతల ఒక ఫ్యాక్టరీ ఉంది. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు దాని సైరన్ మోగుతుంది. అలవాటైపోయి మేమెవరమూ పట్టించుకోము. మొన్న మాత్రం పొద్దున పదకొండు కాకముందే మోగింది. నేను వంటింట్లో రాగిపిండి జల్లిస్తున్నాను. జల్లెడ ఎక్కడ పడేశానో తెలియదు, చెప్పులు వేసుకోలేదు, పిండి చేతులతోనే వీధిలోకి వచ్చి నిలబడ్డాను. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "ఏమైంది వనజమ్మా, పాము గానీ వచ్చినాదా?" అంది. సైరన్ అన్నాను. "అదా! రిపేరి చేసి ఊదించి చూస్తా ఉండారంట. దానికింత పరుగా?" అని నవ్వింది. నవ్వాల్సిన విషయమే. మా ఇంట్లో గనిలో దిగిన మనిషి ఒక్కడూ లేడు. మాది సుగటూరు, మా నాయనకు తెలిసిన లోతల్లా మా బావి లోతు. అయినా వేళకాని వేళ సైరన్ వింటే ఈనాటికీ నా కాళ్ళు నా మాట వినవు. ఈ జబ్బు నాకు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో అంటుకుంది. అంటుకున్న రోజున నా పక్కన ఉన్న మనిషి ఎస్తేరమ్మ.

ఆమె గని ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, గనులు మూతపడ్డాక ఇంట్లో కూర్చోలేక, ఒక ట్రస్టు వాళ్ళు నడిపే వృద్ధాశ్రమానికి పెద్దగా వచ్చింది. పొట్టి మనిషి. తెల్ల చీర, జాకెట్టుకు పిన్నుతో తగిలించిన గడియారం, నడిస్తే తాళాల చప్పుడు. అందరూ సిస్టరమ్మా అనేవాళ్ళు. ఆశ్రమంలో ఉన్నవాళ్ళంతా పాత గని కుటుంబాల వాళ్ళే. నేను డిగ్రీ చదివి, బెంగళూరులో ఆర్నెల్ల కోర్సు చేసి, యాక్టివిటీ కోఆర్డినేటర్ అనే పేరుతో అక్కడ చేరాను. మొదటి రోజు ఆమె నా సర్టిఫికెట్టును దూరంగా పట్టుకుని చదివి, కళ్ళద్దాల మీంచి చూసింది.

"అంటే ఏమి చేస్తావమ్మా నువ్వు?"

"వృద్ధులను ఉత్సాహంగా ఉంచుతాను."

"నాకు గూడా అరవై దాటినాయి. నన్ను ఉంచు, చూస్తాం."

నాకు మాటకు మాట చెప్పకపోతే అన్నం అరగదు. "ముందు మీరు నవ్వడం నేర్చుకోవాలి, తర్వాత ఉంచుతాను" అన్నాను. ఉద్యోగం ఆ గడపలోనే పోయిందనుకున్నాను. ఆమె సర్టిఫికెట్టు మడిచి నా చేతిలో పెట్టి, "రేపు ఎనిమిదికి రా. ఎనిమిదీ ఐదుకు వస్తే గేటు దగ్గరే ఉత్సాహంగా ఉండు" అంది.

హాల్లో గోడకు పెద్ద చార్టు అంటించాను. సోమవారం భజన, మంగళవారం రంగులు వేయడం, బుధవారం బెలూన్ ఆట, ఇలా వారమంతా. యేసుదాసు అని ఒక తాత ఉండేవాడు. గనిలో తూటాలు పేల్చే పని చేసినవాడు, కాళ్ళు పడిపోయి చక్రాల కుర్చీలో తిరిగేవాడు. ఆయన చేతిలో చిలక బొమ్మ పెట్టి రంగులు వేయమంటే, చిలకను ముక్కు నుంచి తోక దాకా నల్లగా దిద్దేశాడు. "నా బతుకంతా చీకట్లో పని చేసినాను తల్లీ. నాకు కనిపించిన చిలక ఇదే" అన్నాడు. బెలూన్ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, "దీనికి వత్తి యాడ పెట్టేది?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సింది. నేను మాత్రం ఆ సాయంత్రం ఎస్తేరమ్మ గదిలోకి వెళ్ళి, వీళ్ళకు సహకరించే గుణం లేదని అరగంట వాదించాను. అంతా విని ఆమె ఒక్కటే అంది: "వచ్చినప్పట్నుంచి వాళ్ళ చేతులకు పని వెతుకుతా ఉండావు. వాళ్ళ కాళ్ళు యాడికి పోతా ఉండాయో అడిగినావా?"

కాళ్ళు అనగానే నాకు గుర్తొచ్చేది మునెమ్మ. డెబ్భై దాటిన మనిషి, పొడుగ్గా, సన్నగా, గాలికి కదిలే తడికలా ఉండేది. ఒకచోట కూర్చోలేదు. దుప్పటి మడిచేది, విప్పేది, మళ్ళీ మడిచేది. మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయిందంటే తల దువ్వుకుని, కొంగు సర్దుకుని గేటు దగ్గరికి బయల్దేరేది. రెండింటికి షిఫ్టు దిగుతుంది, మొగుడు గంగులప్ప వస్తాడు. ఆయన గనిలో ఏర్ బ్లాస్టు అయినప్పుడు, అంటే లోపలి బండ ఒత్తిడికి పేలిపోయినప్పుడు, చనిపోయాడు. మునెమ్మకు అప్పటికి పాతికేళ్ళు కూడా ఉండవు. వయసు మీదపడి మతి తప్పాక ఆ చావొక్కటే మరిచిపోయింది, షిఫ్టు వేళ మాత్రం మరవలేదు. ఆమెకంటూ ఎవరూ లేరు. రెండుసార్లు గేటు దాటి, గనిలోకి దిగే పాత షాఫ్టు దాకా నడిచి వెళ్ళింది. రెండోసారి ఒక లారీ ఆమెకు జానెడు దూరంలో ఆగిందట.

ఆ సంగతి తెలిసి ట్రస్టు కార్యదర్శి బెంగళూరు నుంచి ఫోను చేశాడు. ఇంకొక్కసారి ఆమె గేటు దాటితే ఇక్కడ ఉంచేది లేదు, బెంగళూరులో తాళాలు వేసి ఉంచే హోముకు పంపేస్తాం అన్నాడు. ఎస్తేరమ్మ ఫోను పెట్టేసి నన్ను పిలిచింది. "ఆ హోము నేను చూసినాను వనజా. కిటికీలు పైన ఉంటాయి. ఆయమ్మ ఆడ నెల గూడా బతకదు. నీ చదువంతా ఈయమ్మ మీద పెట్టు" అంది. నా ఉద్యోగం కూడా ఇంకా ఖాయం కాలేదు. సరే, పంతం పట్టాను. వత్తులు చేయించాను, అలసందలు ఏరించాను, కనకాంబరాలు కట్టించాను. అన్నీ సగం చేసేది. వేళ కాగానే ఒడిలో ఉన్నది కింద పోసి, "ఇంగ టైమయింది పాపా" అని లేచేది. నేను గేటుకు అడ్డంగా నిలబడి, ఇవాళ షిఫ్టు లేదనీ, సెలవనీ, వాన అనీ రోజుకొక అబద్ధం చెప్పి వెనక్కి తిప్పేదాన్ని. ఆ రాత్రంతా ఆమె వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉండేదని ఆయాలు చెప్పేవారు.

అప్పుడు నా బుర్రలో ఒక గొప్ప ఆలోచన పుట్టింది. పాత శబ్దాలు, పాత వాసనలు వృద్ధులకు హాయినిస్తాయని మా కోర్సులో చెప్పారు. కేజీఎఫ్‌లో సైరన్‌ను సంగు అంటారు. మగవాళ్ళు ఆ మాట ఎత్తితే చాలు, పెళ్ళి మేళం గురించి చెప్పినట్టు చెప్పేవాళ్ళు. ఎవరి దగ్గరో రికార్డు చేసిన సంగు కూత ఉందని తెలిసి, ఫోన్లో ఎక్కించుకుని, చర్చి నుంచి స్పీకరు అడిగి తెచ్చాను. ఎస్తేరమ్మకు చెప్పలేదు. చెబితే అడ్డు చెబుతుందని కాదు. కాళ్ళు యాడికి పోతా ఉండాయో అడిగినావా అన్న మాట నాలో ఇంకా మండుతోంది, ఆమె లేనప్పుడు చేసి చూపించాలని ఉంది. ఆ రోజు ఆమె ఏదో కాగితాల పని మీద కోలారు వెళ్ళింది. అందరినీ హాల్లో కూర్చోబెట్టాను. "ఇప్పుడు మీకొక సర్‌ప్రైజ్" అన్నాను. గడియారంలో పదకొండు కావస్తోంది. స్పీకరు మోగించాను.

కూత మొదలవగానే మగవాళ్ళ ముఖాలు విప్పారాయి. ఒక్క క్షణమే. యేసుదాసు తాత గోడ గడియారం వైపు చూశాడు, ఆయన ముఖం ముడుచుకుపోయింది. ఆడవాళ్ళలో ఏడుగురు లేచి నిలబడ్డారు. కొంగులు తల మీదికి లాక్కున్నారు, ఒకరి వెనుక ఒకరు గుమ్మం దాటారు. ముందు మునెమ్మ. మోకాళ్ళ నొప్పులని నా చేత రోజూ మందు రాయించుకునే మనిషి కూడా ఆ వరసలో గబగబా నడుస్తోంది. నేను స్పీకరు ఆపి, "ఏమైంది, ఎక్కడికి?" అని అరిచాను.

యేసుదాసు తాత కుర్చీ చక్రం గుద్దుతూ నా మీద అరిచాడు. "నీకేమైనా బుద్ధుండాదా తల్లీ! షిఫ్టుకు ఊదితే సంగు. వేళకాని వేళ ఊదితే లోపల ఎవరో పోయినారని! ఆడోళ్ళు షాఫ్టు కాడికి పోతా ఉండారు. పో, బిరీన పో!"

గేటుకు గడియ మాత్రమే ఉంది, వాచ్‌మన్ టీకి వెళ్ళాడు. నేను వెళ్ళేసరికి ఏడుగురూ రోడ్డు మీద ఉన్నారు. చేయి పట్టుకుంటే విదిలించారు. అబద్ధం అన్నాను, ఆట అన్నాను, పాటలాంటిదే అన్నాను. నా వైపు చూసిన వాళ్ళు లేరు. లారీలు హారన్లు కొడుతున్నాయి. నేను రోడ్డు మధ్యకు పోయి చేతులు చాపి లారీలను ఆపుతూ ఏడుస్తున్నాను. మలుపు దగ్గర, తుప్పు పట్టిన షాఫ్టు టవరు కనబడే చోట, ఒక ఆటో ఆగింది. ఎస్తేరమ్మ దిగింది.

ఆ ఏడుగురి తలల మీది కొంగులు చూసింది, అర్థమైపోయింది. సంచిలోంచి చేతికందిన కాగితాలు తీసి, రోడ్డు పక్కన గట్టెక్కి నిలబడింది. ఏడుగురూ ఆమె ఎదుట ఆగిపోయారు. "ఆంతోని" అని పెద్దగా పిలిచింది. "వచ్చినాడు." ఆ వరసలోంచి ఒకామె తల వంచుకుని, పక్కవాళ్ళ ముఖం చూడకుండా, వెనక్కి తిరిగి ఆశ్రమం వైపు నడిచింది. "చిన్నప్ప. వచ్చినాడు." ఇంకొకామె కదిలింది. నాకు తర్వాత తెలిసింది. గనిలో ప్రమాదమైనప్పుడు టైం ఆఫీసు గుమాస్తా బయటికొచ్చి, పైకి వచ్చినవాళ్ళ పేర్లు ఇలాగే చదివేవాడట. మొగుడి పేరు విన్న మనిషి నవ్వకూడదు, కన్నీళ్ళు పెట్టుకోకూడదు, మిగిలినవాళ్ళ వైపు చూడకూడదు. తల వంచుకుని వెళ్ళిపోవాలి. నిలబడిపోయిన వాళ్ళకు అది మర్యాద. ఆ మర్యాద ఎవరూ చెప్పకుండానే ఆ ముసలివాళ్ళ ఒంట్లో ఉంది. అలా ఆరు పేర్లు అయ్యాయి. మునెమ్మ ఒక్కతే మిగిలింది.

"మా ఆయప్ప పేరు సదవలేదే సిస్టరమ్మా" అంది.

నేను ఎస్తేరమ్మ నోటి వైపే చూస్తున్నాను. ఒక్క మాట, గంగులప్ప వచ్చినాడు అంటే అయిపోతుంది. ఇంటికి నడుస్తుంది, ఎవరికీ తెలియదు.

"ఇంగా రాలేదు మునెమ్మా" అంది ఎస్తేరమ్మ.

కాగితాలు సంచిలో పెట్టి, గట్టు దిగి, మునెమ్మ పక్కన నిలబడింది. నేను నోరు తెరిచాను. ఆమె నా వైపు తిరగకుండానే, "నోరెత్తకుండా సుమ్మనే నిలబడు" అంది. చివరికి మిగిలిన ఆడమనిషిని ఒంటరిగా వదలకూడదు, పేరు పిలిచినవాళ్ళలో ఒకరు ఆగిపోయి ఆమె పక్కన ఉండాలి. అది కూడా గని కూలీల ఇళ్ళ లైన్లలో కట్టుబాటేనట. ముగ్గురం నిలబడ్డాం. ఎండ నడినెత్తికి వచ్చింది. నాకు నిలబడటం చేతకాదు. కాలు మార్చాను, చెమట తుడుచుకున్నాను, టవరు చూశాను, గడియారం చూశాను, లోపల వంద వాదనలు పేర్చుకున్నాను. వాళ్ళిద్దరూ కదల్లేదు. ఎంతసేపటికో మునెమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. టవరు వైపు ఒకసారి చూసి, తనే ఎస్తేరమ్మ మోచెయ్యి పట్టుకుంది. "ఇంగ పోదాం. సంగటి చల్లారిపోతుంది" అంది. ఆ రాత్రి ఆమె వరండాలో నడవలేదు, పడుకుంది.

నేను మాత్రం ఆ సాయంత్రం ఆఫీసు గదిలో ఊరుకోలేదు. "ఆరుగురికి వచ్చినాడని చెప్పారు కదా, ఆమెకు కూడా చెబితే మీ నోరు నొచ్చేదా?" అన్నాను.

"ఆ ఆరుగురి మొగుళ్ళు గనిలోంచి నడిచే బయటికొచ్చినారు. తరువాత మంచాల మీద పోయినారు, అది వేరే. నేను చదివింది నిజమే. ఆయమ్మ మొగుడు రాలేదు."

"పిచ్చిదాని దగ్గర నిజమెందుకు?"

ఎస్తేరమ్మ జాకెట్టుకున్న గడియారం తీసి బల్ల మీద పెట్టింది. అప్పుడు చెప్పింది. ఆ ఏర్ బ్లాస్టు రోజున తను ఆసుపత్రిలో చేరి ఏడాది కూడా కాలేదట. మునెమ్మ షాఫ్టు దగ్గర నుంచి కదలనంటే నలుగురు కలిసి ఈడ్చుకొచ్చారట. "డాక్టరు సూది వేయమన్నాడు. వేసినాను. ఆయమ్మ లేచేలోపల గంగులప్పను పైకి తీసి, పెట్టెలో పెట్టి, మన్ను గూడా కప్పేసినారు. ముఖం చూడనీలేదు. నిలబడి నిలబడి ఆయమ్మే వెనక్కి తిరగాల్సిన దినం అది. మేము తిరగనీలేదు. అందుకే ఇంగా నిలబడేదానికి పోతా ఉండాది."

నేను లేచి స్పీకరు చర్చిలో ఇచ్చేసి వచ్చాను.

ఆశ్రమంలో ఒక పుస్తకం ఉండేది. ఎవరైనా పడినా, తప్పిపోయినా, ఏ గొడవ జరిగినా అందులో రాయాలి. కార్యదర్శి వచ్చినప్పుడు దాన్ని చదువుతాడు. మరునాడు నేను దాన్లో ఇలా రాశాను: "మతిమరుపు కారణంగా మునెమ్మ మరికొందరితో కలిసి గేటు దాటి వెళ్ళింది. క్షేమంగా తీసుకురాబడింది." ఎస్తేరమ్మ చదివింది. దిద్దలేదు, కొట్టేయలేదు.

"ఇది పంపిస్తే ఆయమ్మ బెంగళూరు పోతాది" అంది.

"నిజం రాస్తే నేను పోతాను."

"అవును."

అంతే. నన్ను బతిమాలలేదు, భయపెట్టలేదు. కాసేపు కోపం చూపించి ఉంటే నేనూ కోపంతో తప్పించుకునేదాన్ని. రోజంతా ఆ పుస్తకం సంచిలో వేసుకుని తిరిగాను. ఇంటికి వెళ్ళే బస్సులో తీశాను, మూశాను. పోతే నాకు ఇంకో ఉద్యోగం దొరుకుతుంది, మునెమ్మకు ఇంకో షాఫ్టు దొరకదు. తెల్లారి ఆ పేజీ కిందే మళ్ళీ రాశాను: "నేను ఎవరినీ అడగకుండా, వేళ కాని వేళలో, గని సైరన్ మోగించాను. ప్రమాదమని నమ్మి ఏడుగురు ఆడవాళ్ళు బయటికి వెళ్ళారు. వాళ్ళ తప్పు లేదు. గేటు దగ్గర ఎవరూ లేరు, నేను చూసుకోలేదు."

మూడో రోజు కార్యదర్శి వచ్చాడు. నిలబడే చదివాడు. "ఇది మీరే రాశారా?" అన్నాడు. నేనే అన్నాను. ఎస్తేరమ్మ వైపు తిరిగి "మీరేమంటారు?" అన్నాడు.

"రాసింది నిజం" అంది ఆమె.

రెండో మాట కోసం ఎదురుచూశాను. పిల్ల మంచిదే, ఈసారికి వదిలేయండి, అలాంటిదేదో. రాలేదు. మునెమ్మను అక్కడే ఉంచాలనీ, గేటు దగ్గర ఒక మనిషి ఎప్పుడూ ఉండాలనీ, నన్ను నెలాఖరుకు పంపేయాలనీ ఆయన చెప్పి వెళ్ళిపోయాడు. కారు శబ్దం పోయిందో లేదో నేను ఎస్తేరమ్మ మీద పడ్డాను. "నా కోసం ఒక్క మాట అనడానికి మీకు నోరు రాలేదా? రోజూ ఇంత వాదిస్తారే నాతో!"

"అని ఉంటే ఏమని అనాల? తప్పు చిన్నదనాల. నీది చిన్నదైతే మిగిలింది ఎవరి మీద పడతాది వనజా?" అంది. నేను ఇంకేదో అనబోతే చేయి అడ్డం పెట్టింది. "ఆ దినం నా డ్యూటీ బుక్కులో ఏమి రాసినానో తెలుసునా? పేషెంటు నిద్రపోయింది అని రాసినాను. సూది నేనే వేసినానని రాయలేదు. అబద్ధం కాదు గదా, నిద్రపోయింది నిజమే గదా అని ఇన్నేండ్లు నాకు నేనే చెప్పుకుంటా ఉండాను."

నెలాఖరు దాకా రోజూ మధ్యాహ్నం నేను మునెమ్మతో గేటు దగ్గర నిలబడ్డాను. గేటు ఇవతలే. అడ్డం పడలేదు, అబద్ధం చెప్పలేదు. రాలేదా అంటే రాలేదన్నాను. కొన్నాళ్ళు పది నిమిషాలకే వెనక్కి తిరిగేది, కొన్నాళ్ళు గంట. ఒకరోజు నన్ను ఎగాదిగా చూసి, "నీ మొగుడు గూడా లోపలే ఉండాడా పాపా?" అంది. లేదమ్మా, ఊరికే నిలబడ్డాను అంటే, "ఊరికే ఎవురన్నా నిలబడతారా? పనిలేని మనిషి!" అని పళ్ళులేని నోటితో పకపకా నవ్వింది. ఆ ఉద్యోగంలో నేను ఉత్సాహంగా ఉంచగలిగింది ఆ ఒక్కసారే అనుకుంటాను. నేను వెళ్ళిపోయాక ఆ వేళకు ఎస్తేరమ్మే నిలబడేది. మునెమ్మ ఇంకో నాలుగేళ్ళు అక్కడే ఉండి, తన మంచం మీదే పోయింది. తర్వాత కొన్నేళ్ళకు ఎస్తేరమ్మ కూడా పోయింది. ఆమెను నేను పూర్తిగా క్షమించలేదు. ఆ రెండో మాట ఆమె అని ఉండవలసింది కాదని బుద్ధికి తెలుసు. వినాలని మాత్రం ఈ వయసులో కూడా ఉంది.

ఇప్పుడు కోలారులో ఇంకో ఆశ్రమంలో పనిచేస్తున్నాను. ఇక్కడా అలాంటి పుస్తకం ఒకటి ఉంది. పోయిన వారం ఒక ముసలావిడ స్నానాల గది దగ్గర జారిపడితే, దాన్లో రాశాను: "గుమ్మంలో నీళ్ళు ఉండటం నేను చూశాను. తుడవమని ఎవరికీ చెప్పకుండా దాటి వెళ్ళాను. తర్వాత ఆమె జారిపడింది." మా మేనేజరు చదివి తల పట్టుకున్నాడు. "ఎందుకమ్మా ఇంత? జారిపడింది అని రాస్తే చాలదా?" అన్నాడు. చాలదన్నాను. ఆయన ఎందుకు చాలదో చెప్పమన్నాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.